ఏటిగట్టు దారిలో చరిత్ర

కోనసీమ అనగానే తెలుగు పాఠకుడి మనసులో ఒక బొమ్మ లేస్తుంది. కొబ్బరితోట, వరిచేను, కాలువలో మెల్లగా సాగే పడవ, గట్టు మీద నడిచిపోయే పడుచుపిల్ల. ఈ బొమ్మ గీసింది మనమే. కవులు మొదలుపెట్టారు, కథకులు రంగులద్దారు, సినిమావాళ్లు దాన్ని అమ్ముకున్నారు. బొమ్మలో ఉన్నదేదీ అబద్ధం కాదు. అయితే అందులో లేనివి చాలా ఉన్నాయి. ఆ కాలువ తవ్వినవాడు లేడు. ఆ పడవ ఏ సరుకు మోసిందో లేదు. గట్టు దిగి అవతలికి పోతే కనిపించే పేట లేదు. పచ్చదనం ఎంత చిక్కగా పూశామంటే దాని వెనక మనుషులు కనబడకుండా పోయారు.

"కోనసీమ ప్రకృతి ప్రసాదం" అనే మాట ఈ బొమ్మకి కింద రాసిన శీర్షిక లాంటిది. సగం నిజమే. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలి, వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోయి, ఈ పాయల మధ్య ఒండ్రు పోసింది. అది నది చేసిన పని. ఆ ఒండ్రుని ఊళ్లుగా, చేలుగా, రేవులుగా, మగ్గాలుగా మార్చింది మాత్రం మనుషుల శ్రమ. ఆ శ్రమకి గుర్తులు కోనసీమ నిండా ఉన్నాయి. అవి పెద్ద బస్సులో కూర్చుని రెండు రోజుల్లో పది క్షేత్రాలు చుట్టివచ్చేవాడికి కనిపించవు. సైకిలు మీదనో, మోటారు సైకిలు మీదనో, ఆర్డినరీ బస్సులు మారుతూనో, దిగాలనిపించినచోట దిగి, దారి అడుగుతూ పోయేవాడికి కనిపిస్తాయి.

ఇలాటి ప్రయాణం మన సాహిత్యానికి కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి చేరాడు. ఆయన వెళ్లింది పుణ్యం కోసమే కావచ్చు. 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర' ఇవాళ మనకి పనికొచ్చేది అందుకు కాదు. మజిలీ మజిలీకీ నీళ్లు దొరుకుతాయో లేదో, ఏ సరుకు ఏ ధర పలుకుతోందో, దారి ఎలా ఉందో, ఏ కులంవాళ్లు ఎక్కడ ఉన్నారో ఆయన రాసిపెట్టాడు. కళ్లు తెరుచుకుని మెల్లగా పోయినవాడు తనకి తెలియకుండానే చరిత్రకారుడవుతాడనడానికి ఆ పుస్తకం సాక్ష్యం. ఆ పద్ధతిలో కోనసీమని ఒకసారి చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

1

ధవళేశ్వరం దగ్గర బ్యారేజి ఎక్కి పడమరగా వస్తే, నది మధ్య లంకలు దాటుకుంటూ బొబ్బర్లంక చేరతాం. మధ్య డెల్టా కాలువ తల ఇక్కడే. 1847లో మొదలై 1852లో పూర్తయిన పాత ఆనకట్ట నాలుగు ముక్కలుగా ఉండేది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని ఆ ముక్కలకి పేర్లు. ఇప్పుడున్న బ్యారేజి 1982లో పూర్తయింది. ఇందులో ర్యాలి పేరు గుర్తుపెట్టుకోండి. కాలువ గట్టు వెంట కాస్త దూరం పోతే ఆత్రేయపురం మండలంలో ఆ ఊరు వస్తుంది. జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం చూడటానికి అక్కడికి జనం వస్తారు. ఒకే రాతిలో ముందువైపు విష్ణువు, వెనకవైపు మోహిని. శిల్పి పనితనం చూసి తీరవలసిందే. అయితే ఆ శిల్పి పేరు ఎవరికీ తెలియదు. అదే ఊరి పేరుతో నదికి అడ్డంగా రాళ్లు పేర్చినవాళ్ల పేర్లూ తెలియవు. ఒకరి పని గర్భగుడిలో ఉంది, ఇంకొకరిది నీళ్లలో ఉండేది. అనామకత్వం మాత్రం ఇద్దరిదీ ఒకటే.

దారిలోనే లొల్ల లాకులు. ప్రధాన కాలువ నీరు ఇక్కడ పాయలుగా విడి కోనసీమ లోపలికి సాగుతుంది. సినిమావాళ్లకి ఇష్టమైన చోటు కనక తెర మీద చూసినవాళ్లు చాలామందే ఉంటారు. కాని లాకు అంటే ఏమిటో ఈ తరం పిల్లలకి చెప్పాలి. కాలువలో ఒక వైపు నీటిమట్టం ఎత్తుగా, ఇంకో వైపు పల్లంగా ఉన్నచోట పడవని రెండు తలుపుల మధ్య నిలిపి, నీళ్లు నింపో, వదిలో ఎక్కించడానికీ దించడానికీ కట్టిన ఏర్పాటది. అంటే ఈ కాలువలు పొలానికి నీళ్లు తెచ్చిన బోదెలు మాత్రమే కావు. ఇవి రోడ్లు. లారీ రాకముందు ధాన్యం, కొబ్బరి, కలప, ఉప్పు, మనుషులు అందరూ పోయింది వీటి మీదే. ఇవాళ మనం మోటారు సైకిలు నడుపుతున్న తారురోడ్డు చాలాచోట్ల ఆ కాలువ గట్టే. అది కాకపోతే వరదని ఆపడానికి పోసిన ఏటిగట్టు. కాబట్టి కోనసీమలో దారి పట్టడమంటేనే మనుషులు మోసిన మట్టి మీద ప్రయాణం చెయ్యడం. చూడవలసిన మొదటి చారిత్రక స్థలం మన చక్రాల కిందే ఉంది.

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన వేడి కుండ మీద పిండినీళ్లలో తడిపిన గుడ్డ పరిచి, క్షణంలో రేకు ఊడదీసే ఆడవాళ్ల చేతుల్ని ఆగి చూడాలి. రేకు ఎంత పల్చగా ఉంటే వేలికొసలకి సెగ అంత దగ్గర. గుర్తింపు సరుకుకి వచ్చింది. చేతికి రావడం వేరే సంగతి.

2

రావులపాలెం దగ్గర జాతీయ రహదారి దాటి దక్షిణానికి తిరిగితే కొత్తపేట, దాని దగ్గరే పలివెల. అక్కడి ఉమా కొప్పులింగేశ్వరాలయం పాతది. లింగం మీద కొప్పు ఆకారం ఉండటం వల్ల దేవుడికి ఆ పేరు. పెద్ద క్షేత్రాల రద్దీ లేని గుడి కనక రాతిపని మీద చెయ్యి వేసి చూడటానికి తీరిక దొరుకుతుంది. అక్కణ్ణించి అంబాజీపేట వైపు పోతుంటే కొబ్బరి వ్యాపారం మొదలవుతుంది. దింపు కార్మికులు, వలుపు కార్మికులు, పీచు పని చేసే ఆడవాళ్లు. ఒక కాయ మన ఇంట్లో దేవుడి ముందు పగిలేలోగా ఎన్ని చేతులు మారుతుందో అంబాజీపేట చెబుతుంది. తెలుగు కవిత్వంలో కొబ్బరిచెట్టు లెక్కలేనన్నిసార్లు తల ఊపింది. కాలికి బందం వేసుకుని దాని మీదికి పాకేవాడు కవిత్వంలోకి ఎన్నిసార్లు ఎక్కాడో మనమే లెక్క చూసుకోవాలి.

ఆ మండలంలోనే మొసలపల్లి దగ్గర జగ్గన్నతోట ఉంది. సంక్రాంతి వెళ్లిన కనుమనాడు చుట్టుపక్కల పదకొండు ఊళ్ల శివుళ్లని ప్రభల మీద ఇక్కడికి తెస్తారు. గంగలకుర్రు జనం ప్రభని భుజాన వేసుకుని నడుముల్లోతు కౌశిక నీళ్లు దాటించే దృశ్యానికి వేలమంది వస్తారు. 2023 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఢిల్లీ చూసింది ఈ ప్రభల తీర్థాన్నే. మిగతా రోజుల్లో వెళ్లి చూడండి. అక్కడ గుడి లేదు, గోపురం లేదు. ఉన్నది కొబ్బరితోట. వెదుళ్లు కోసి, తాళ్లు పేని, గుడ్డలు కట్టి, భుజం ఇచ్చి, జనమే ఒక్క రోజు ఆ క్షేత్రాన్ని తయారుచేసి మళ్లీ విప్పేస్తారు. క్షేత్రం అంటే రాయి అని నమ్మేవాళ్లకి ఆ ఖాళీ తోట మంచి జవాబు.

3

పి. గన్నవరంలో వైనతేయ మీద కట్టిన అక్విడక్టు దగ్గర ప్రయాణం ఒక పూట ఆగాలి. నది మీదుగా కాలువ పోయే వంతెన ఇది. నది కింద, కాలువ పైన. 1850ల తొలినాళ్లలో హేగ్ అనే యువ ఇంజనీరు పర్యవేక్షణలో దీన్ని కట్టారు. ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పుతో 49 కమానులు. వైనతేయకి పడమటి వైపున ఉండి, మూడు దిక్కులా నీరున్నా చేనుకి నీరు లేని నగరం లంకకి, అంటే నేటి మామిడికుదురు, రాజోలు ప్రాంతాలకి, గోదావరి నీటిని చేర్చింది ఈ కట్టడమే. తర్వాతి కాలంలో పక్కనే కొత్త అక్విడక్టు కట్టి దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఉండి దారిన పోయేవాళ్లకి అన్నం పెట్టిన మనిషి ఆమె. 1841లో పుట్టి 1909లో పోయింది. రేవు దాటలేక, పడవ దొరక్క, వరద తగ్గక లంకల్లో చిక్కుకున్న బాటసారికి ఒక ముద్ద అన్నం ఎంత విలువైనదో ఊహించుకుంటే, ఆమె పేరు ఒక వంతెనకి ఎందుకు తగినదో అర్థమవుతుంది.

ఇక్కడ మనం ఒక ప్రశ్న దాటెయ్యకూడదు. ఈ నీళ్లు ఎందుకు వచ్చాయి? కోనసీమలో కాటన్ విగ్రహం లేని పెద్ద ఊరు అరుదు. రైతు ఆయన్ని దేవుడిలా తలుచుకోవడం బూటకం కాదు. 1832, 33ల నందన కరువులో జనం రోడ్ల పక్కన రాలిపోయిన జ్ఞాపకం మీద ఆ కృతజ్ఞత నిలబడింది. కాని కంపెనీ దయతలచి డబ్బు పెట్టలేదు. నీరు పారితే శిస్తు పెరుగుతుందని కాటనే తన నివేదికల్లో వాదించాడు. ఆ వాదన గెలిచింది కనకే ఆనకట్ట లేచింది. ఇంజనీరు చిత్తశుద్ధి నిజం. ఖజానా లెక్కా నిజం. రెండూ ఒకే కాలువలో పారాయి. ఒకదాన్ని చెప్పి ఇంకోదాన్ని దాచడం చరిత్ర అనిపించుకోదు.

మరి తవ్వినవాళ్లు? కాటన్ కింద పనిచేసి కూలీలని కూడగట్టిన వీణం వీరన్న పేరు మిగిలింది. అంతవరకు అదృష్టమే. ఆ 49 కమానులకి సున్నం గానుగ తిప్పినవాళ్లు, ఇటుక మోసినవాళ్లు, వరద రాకముందే పునాది లేపాలని బురదలో నిలబడ్డవాళ్లు, వాళ్ల పేర్లు ఏ ఫలకం మీదా లేవు. అక్విడక్టు దగ్గర కాసేపు కూర్చుని కమానులు లెక్కపెట్టండి. లెక్క తేలేసరికి ఆ సంగతి బరువు తెలుస్తుంది.

ఇంకో మాట. నీరు తెచ్చిన వ్యవస్థ అంత శ్రద్ధగానూ నీరు పోయే దారి చూడలేదు. డ్రెయిన్లు పూడి, ముంపు ఏటేటా మీదపడి, పంట గిట్టుబాటు కాక, 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంటవిరామం ప్రకటించారు. అన్నపూర్ణ అని పిలిపించుకున్న నేల నాట్లు వెయ్యనని చెప్పింది. అక్విడక్టు మీద నిలబడి పచ్చదనాన్ని మెచ్చుకునే యాత్రికుడు ఆ ఏడాదిని కూడా గుర్తుచేసుకోవాలి.

4

వైనతేయ దాటి నాగుల్లంక మీదుగా మామిడికుదురు ప్రాంతంలోకి వస్తే ఆదుర్రు. వైనతేయ పడమటి ఒడ్డున, సముద్రానికి ఎనిమిది తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. అక్కడ తోటల మధ్య ఒక బౌద్ధస్తూపం ఉంది. పైన అండం ఎప్పుడో పోయింది. మిగిలింది చక్రం ఆకారంలో ఆకులు తీర్చినట్టు పేర్చిన ఇటుక పునాది. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన ఆయక వేదికలు. అమరావతి, నాగార్జునకొండ స్తూపాల్లో కనిపించే ఆంధ్ర బౌద్ధ వాస్తు లక్షణమే ఇది. పురావస్తుశాఖ తవ్వకాల్లో చైత్యవిహారాల అవశేషాలు, మట్టిపాత్రల ముక్కలు దొరికాయి. సింహళం వెళుతూ సంఘమిత్ర ఈ స్తూపానికి పునాది వేసిందని స్థానికంగా ఒక ఐతిహ్యం ఉంది. దాన్ని చరిత్రగా తీసుకోనక్కర్లేదు. కాని ఆ కథలో ఒక నిజం ఉంది. ఈ ఊరికి సముద్రం అవతలి దేశంతో సంబంధం ఉండేదని జనం మరిచిపోలేదు.

శ్రీకాకుళం దగ్గర శాలిహుండం వంశధార ఒడ్డున, ఘంటసాల కృష్ణా డెల్టాలో, ఆదుర్రు వైనతేయ పక్కన. తీరాంధ్రలో బౌద్ధ సంఘాలు స్థిరపడిన చోట్లు వరసగా చూస్తే, నదులు సముద్రంలో కలిసే దారుల్నీ, ఓడలు ఆగే రేవుల్నీ అవి అంటిపెట్టుకుని ఉన్నాయని తెలుస్తుంది. భిక్షువుకి భిక్ష కావాలి, భిక్ష పెట్టడానికి మిగులు ఉండాలి. ఆ మిగులు వర్తకుడి దగ్గరా, చేతిపనివాళ్ల సంఘాల దగ్గరా ఉండేది. కాబట్టి ఆనకట్టకి చాలా శతాబ్దాల ముందే ఈ లంకల్లో సరుకుంది, పడవ ఉంది, విద్య ఉంది. కోనసీమ చరిత్ర 1852లో మొదలవుతుందనుకునేవాళ్లకి ఈ ఇటుకలు అడ్డం తిరుగుతాయి.

ఆ దిబ్బని ఊళ్లో పాతవాళ్లు "దుబరాజు గుడి" అంటూ వచ్చారు. ఇందులో బుద్ధుడు లేడు, స్తూపం లేదు. సంఘం చెదిరిపోయింది, మతం మాసిపోయింది, పూజ ఆగిపోయింది. అయినా అది మామూలు మట్టిదిబ్బ కాదన్న ఎరుక ఒక పేరుగా ఇన్ని తరాలు నిలిచింది. రాజులు శాసనాలు చెక్కించుకుంటారు. జనం పేర్లు పెట్టుకుంటారు. పురావస్తు పరిశోధకుడు తవ్వవలసిన చోటుని ముందుగా చూపించేవి ఇలాటి పేర్లే. అందుకే ప్రయాణంలో మ్యాపు కంటే ఎక్కువగా నమ్మవలసింది దారిన పోయే మనిషి నోటిమాటని. "ఈ దిబ్బని మీరేమంటారు?" అన్న ఒక్క ప్రశ్నకి పుస్తకాల్లో లేని జవాబు రావచ్చు.

5

ఆదుర్రు ఉన్న మండలానికి కేంద్రమైన మామిడికుదురుని చూడటానికి స్తూపమూ అక్కర్లేదు, గుడీ అక్కర్లేదు. 1911లో బోయి భీమన్న పుట్టింది ఈ ఊళ్లోనే. 'పాలేరు' నాటకం రాసినవాడు. పశువుల కాపరి కుర్రవాడు చదువుకుని అధికారిగా తిరిగొచ్చే కథని కోనసీమ పల్లెల్లో జనం ఆడుకున్నారు, చూశారు, పిల్లల్ని బడికి పంపారు. 'గుడిసెలు కాలిపోతున్నాయి' కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కొబ్బరాకు నీడని వర్ణించిన కవులకి కొదవ లేదు. ఆ కొబ్బరాకులతో కప్పిన గుడిసె ఎలా మండుతుందో చెప్పడానికి ఆ నేల మీదే పుట్టిన పాలేరు కొడుకు రావలసివచ్చింది. తూర్పుగా కాట్రేనికోన మండలంలో, సముద్రానికీ మడ అడవులకీ దగ్గరగా కందికుప్ప ఉంది. 'నది పుట్టిన గొంతుక' రాసిన బొజ్జా తారకం 1939లో పుట్టిన ఊరది. కోనసీమకి వచ్చే సాహిత్య విద్యార్థులు ఈ రెండు ఊళ్లనీ తమ దారిలో చేర్చుకోవాలి. చూడటానికి కట్టడం లేకపోవడమే అక్కడ చూడవలసిన విషయం.

అదే మండలంలో నగరం. కాటన్ కాలపు కాగితాల్లో లంకకి పేరిచ్చిన ఊరు. 2014 జూన్ 27 తెల్లవారుజామున ఊరి పక్కన గ్యాసు గొట్టం పేలి నిద్రలో ఉన్నవాళ్లు, టీ కాచుకుంటున్నవాళ్లు కాలిపోయారు. ఇరవైమందికి పైగా చనిపోయారు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో ఎగజిమ్మిన మంట రెండు నెలలకి పైగా ఆరలేదు. ఈ నేల అడుగున ఏముందో లోకానికి తెలిసింది. నేల మీద ఉన్నవాళ్లకి దానివల్ల దక్కిందేమిటన్న ప్రశ్న ఇంకా తెమలలేదు. రాజోలు, మలికిపురం దారిలో రోడ్డు పక్కన లేచిన కొత్త మేడలు చూసి ఇది గ్యాసు డబ్బు అనుకోకండి. వాటిలో చాలా ఇళ్ల వెనక గల్ఫ్ దేశాల్లో పరాయి ఇంటి వంటగదుల్లో ఏళ్లతరబడి నిలబడ్డ ఇక్కడి ఆడవాళ్లున్నారు.

6

సఖినేటిపల్లి దాటి వశిష్ఠ సముద్రంలో కలిసేచోట అంతర్వేది. ఈ ఊరు ప్రసిద్ధమే. భీష్మైకాదశికి లక్షలమంది వస్తారు. కాని ప్రసిద్ధమైన చోట కూడా తెలియని చరిత్ర ఉంటుంది. ఇప్పుడున్న లక్ష్మీనరసింహాలయం 1823లో పూర్తయింది. కట్టించినవాడు ఏ చక్రవర్తీ కాదు. కొపనాతి కృష్ణమ్మ. అగ్నికులక్షత్రియుడు, అంటే పల్లెకారు కులంలో పుట్టినవాడు, ఓడల వర్తకుడు. ఆయన ఊరు బెండమూర్లంక. చేపల వల విసిరే కులంలోని మనిషి సముద్రం మీద సంపాదించిన డబ్బుతో ఈ తీరంలో పెద్ద గుడి లేపాడు. 2020 సెప్టెంబరులో ఇక్కడి రథం కాలిపోయినప్పుడు రాష్ట్రమంతా అట్టుడికింది. 2021లో కొత్త రథం కదిలింది. ఆ అల్లరిలో రథం గురించి మాట్లాడిన గొంతుకల్లో కృష్ణమ్మ పేరు ఎత్తినవి ఎన్ని?

గుడి చూసి అన్నాచెల్లెళ్ల గట్టు దాకా నడవండి. ఏటినీరు, సముద్రపునీరు ఒకదాన్నొకటి తోసుకునే చోటు. ఒడ్డు కోతకి గురవుతున్న సంగతి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. వేళ్లు బయటపడ్డ చెట్లే చెబుతాయి. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను ఈ తీరంలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. ఒక్క రాత్రిలో తోటలకి తోటలు నేలకొరిగాయి. కొబ్బరిచెట్టు కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. అప్పు తీరడానికి అంతకన్నా ఎక్కువే.

ఇక కృష్ణమ్మ ఊరు వెతుక్కుంటూ పోదాం. వెనక్కి వచ్చి, పాశర్లపూడి నుంచి బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటితే అమలాపురం. దాన్ని ఆనుకుని బండారులంక. ఇప్పటికీ మగ్గం చప్పుడు వినిపించే ఊరు. అక్కణ్ణించి అల్లవరం మండలంలోకి దిగితే బెండమూర్లంక. పేర్లు దగ్గరగా ఉంటాయి, ఊళ్లు వేరు. కాని చరిత్రలో ఈ మగ్గానికీ ఆ రేవుకీ సంబంధం ఉంది. బెండమూర్లంకలో 18వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ వర్తకస్థానం ఉండేది. వాళ్లకి కావలసింది కొబ్బరికాయలు కావు, బట్ట. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఇంజరం, బెండమూర్లంక, నరసాపురం దగ్గరి మాధవాయపాలెం వర్తకస్థానాలని పట్టుకున్నాడు. మరుసటి ఏడు డిసెంబరులో చందుర్తి యుద్ధంతో ఫ్రెంచివాళ్ల ఆట కట్టింది. లండనూ పారిసూ కొట్టుకున్నది ఈ లంకల్లో నేసిన గుడ్డ కోసం అంటే, ఈ మారుమూల పల్లె అప్పటి ప్రపంచానికి ఎంత దగ్గరో చూడండి.

గెలిచినవాడు ఏం చేశాడు? బయానా ఇచ్చి నేతగాణ్ణి కట్టేశాడు. ధర తానే చెప్పాడు, వేరేవాళ్లకి అమ్మకూడదన్నాడు. 18వ శతాబ్దం చివర్లో గోదావరి డెల్టా నేతగాళ్లు దాని మీద తిరగబడ్డారు కూడా. తర్వాత ఇంగ్లండు మిల్లుగుడ్డ వచ్చింది. 1833 చార్టరు చట్టంతో కంపెనీ వర్తకమే మూసుకుంది. మాధవాయపాలెం పేరు వింతగా బతికింది. 'మడపొల్లాం' అని ఒక రకం గుడ్డకి పేరై, మన నేతగాడి పొట్టకొట్టిన ఇంగ్లీషు మిల్లుల సరుకు మీద కూడా చేరింది. ఊరు పోయి పేరు మిగలడం ఒక విషాదం. ఆ పేరుతో శత్రువు సరుకు అమ్ముడుపోవడం అంతకన్నా పెద్ద విషాదం.

ఇప్పుడు కాలక్రమం కలిపి చూడండి. మగ్గం కూలుతున్న రోజుల్లోనే నందన కరువు. కొనడానికి చేతిలో డబ్బు లేక, తినడానికి చేలో పంట లేక జనం పోయారు. ఆ తర్వాత ఆనకట్ట. చేతిపని పోయిన సీమకి నీరొచ్చింది, నేత సీమ వరిసీమ అయింది. మనం ఆదిమ ప్రకృతి అనుకుని మురిసిపోయే పచ్చదనానికి ఇంత వెనకటి కథ ఉంది. ఈ కథ మొత్తం ఏ ఒక్క పుస్తకంలో చదవకపోయినా, లొల్ల లాకుల నుంచి బెండమూర్లంక దాకా రెండు రోజులు తీరిగ్గా తిరిగితే కళ్లముందు పరుచుకుంటుంది.

బెండమూర్లంక దాటి సముద్రం వైపు పోతే దారి ఓడలరేవు దగ్గర ఆగుతుంది. పేరులోనే ఓడలున్నాయి. దుబరాజు గుడిలాగే ఇదీ జనం మనకోసం దాచిపెట్టిన ఒక మాట.

7

2022 ఏప్రిల్ 4న కోనసీమ విడిగా జిల్లా అయింది. దానికి అంబేద్కర్ పేరు చేర్చాలని ప్రభుత్వం ప్రతిపాదించినప్పుడు మే 24న అమలాపురం తగలబడింది. ఒక దళిత మంత్రి ఇంటికీ, ఒక శాసనసభ్యుడి ఇంటికీ నిప్పుపెట్టారు. తర్వాత ఆ పేరే ఖాయమయింది. "ఇంత అందమైన సీమలో ఇదేమిటి" అని ఆశ్చర్యపోయినవాళ్లున్నారు. ఆ ఆశ్చర్యంలో మన సాహిత్యం వాటా ఉంది. పచ్చటి బొమ్మ మాత్రమే చూపించాం కనక, బొమ్మ వెనక ఊరికీ పేటకీ మధ్య ఉన్న గోడ పాఠకుడికి తెలియలేదు. భీమన్న చెప్పాడు, తారకం చెప్పాడు. వినవలసినవాళ్లు కొబ్బరితోపు వర్ణనలో ఉండిపోయారు.

పేరు గురించి జరిగిన ఆ గొడవ చిన్నది కాదు. ఈ ప్రయాణమంతా మనకి ఎదురైంది పేర్లే. ఆనకట్ట మీద ఇంజనీరు పేరుంది, తవ్వినవాడి పేరు లేదు. గుడికి దేవుడి పేరుంది, కట్టించిన పల్లెకారు పేరు అడిగితే తప్ప వినబడదు. స్తూపం పేరు పోయి దిబ్బకి జనం పెట్టిన పేరు మిగిలింది. గుడ్డ పేరు మిగిలి నేతగాడు పోయాడు. ఒక సీమలో ఎవరి పేరు రాతి మీద ఉండాలన్నది ఎప్పుడూ అధికారానికి సంబంధించిన ప్రశ్నే. అందుకే అంబేద్కర్ పేరు కొందరికి అంత మంటపుట్టించింది.

రచయితలకి ఇందులో ఒక పని ఉంది. సెలవులకి కోనసీమ వెళ్లవద్దని నేను చెప్పను. వెళ్లండి. వంతెనలు వచ్చాక గంటల్లో దాటిపోవచ్చు, కాని సఖినేటిపల్లిలోనో, కోటిపల్లిలోనో రేవు దగ్గర ఆగి, ఒక్కసారైనా పంటు ఎక్కండి. పంటు ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యంలోనే పక్కన నిలబడ్డ మనిషి మాట్లాడతాడు. కొబ్బరి ధర చెబుతాడు, చెరువులో రొయ్య చచ్చిన సంగతి చెబుతాడు, గల్ఫ్ నుంచి ఫోను చేసిన కూతురి సంగతి చెబుతాడు. అతన్ని అడగండి, "ఈ రేవుకి ఆ పేరెందుకొచ్చింది?" అని. జవాబు రాసుకోండి. తిరిగొచ్చి కథ రాసినా, కవిత రాసినా, చెట్టుతోపాటు చెట్టెక్కిన మనిషిని కూడా అందులోకి రానివ్వండి.